దూదిలో చుట్టిన బండి

18 నవంబరు 2024
రాజపాళయం

మొన్నటితో పంకజం ఏడాది తివసం, తద్దినం, అయిపోయింది. పొద్దున ఏడు గంటల బస్సుకు లక్ష్మీప్రియ కోయంబత్తూరు పోయింది. బస్సు ఎక్కేముందు కూతురు చెప్పిన కడపటి మాట ఏమంటే, నాయనా, ఏడాది నిండిపోయె, ఇంక ఆ బండి సంగతి ఏదో ఒకటి తేల్చండి అని. వాళ్లమ్మ ఫోటోకు మాల వేసేటప్పుడు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. బస్టాండులో అందరి ముందరా ముక్కు చీదుకొని, జలుబు అన్నాను.

ఈ నోటుబుక్కు తెలుగులో రాస్తా ఉండాను. మా ఇండ్లల్లో మాట్లాడేది తెలుగే గాని చదివేదీ రాసేదీ అరవమే. మా తాత ఒక్కడు పట్టుబట్టి నాకు పలక మీద తెలుగు అక్షరాలు దిద్దించినాడు. అందుకని దీన్ని ఎవరూ చదవలేరు. పంకజానికి కూడా రాదు. అదే మంచిది.

బండి అంటే ఫియట్టు. 1986 మాడలు, పాల రంగు. పంకజం బండి, పంకజమే నడిపేది. నాకు అరవై రెండేండ్లు వచ్చినా బండి నడపను రాదు. పోయినవాళ్ల వస్తువు ఏదీ ఏడాది నిండేదాకా ఇల్లు దాటకూడదు, వాడకూడదు అని మా ఇంటి పద్ధతి. చీరలు బీరువాలో పెట్టి మూసినాము. బండిని మాత్రం నేనే, నా చేత్తో మూసినాను. మా కంపెనీ సర్జికల్ దూది రెండు బేళ్లు తెప్పించి సీట్ల మీదా, సీట్ల కిందా, తలుపు సందుల్లో, డిక్కీలో దట్టించి, పైన బ్యాండేజీ గుడ్డ నాలుగు చుట్లు చుట్టి, దాని మీద తార్పాలు కప్పినాను. ఒక దుమ్ము చుక్క లోపలికి పోయుండదు.

రేపు తార్పాలు తీయాల. బాటరీ మార్చి పెట్రోలు పోస్తే లేస్తుంది. లేచిన తరువాత ఎవరు నడుపుతారు నాయనా అని లక్ష్మీప్రియ అడిగింది. అదంతా తరువాత.

20 నవంబరు

వాన. తీయలేదు.

21 నవంబరు

వాన. ఈ తేమలో తెరిస్తే దూది తడిసిపోతుంది.

23 నవంబరు

వాన లేదు. మోకాళ్ల నొప్పి.

25 నవంబరు

ఈ రోజు ఇసక్కిముత్తు తానే వచ్చినాడు. లక్ష్మీప్రియ ఫోను చేసిందంట. ముప్పై ఏండ్లుగా మా బండి చూసే మెకానిక్కు అతనే. పంకజాన్ని అక్కా అంటాడు, నన్ను సార్ అంటాడు. బండికి సంబంధించినంత వరకు ఆ ఇద్దరూ ఒక కట్టు, నేను బయటి మనిషిని.

తాళం అడిగినాడు. ఎక్కడో పోయింది అన్నాను. తలుపులు తెరిచే ఉండాయి, పరవాలేదు సార్ అన్నాడు.

తార్పాలు లాగినాము. బ్యాండేజీ గుడ్డ ఆ రోజు చుట్టినట్టే తెల్లగా ఉండె. చూసినావా అన్నాను. పైదూది కూడా అట్లే, చెయ్యి పెడితే మెత్తగా, పొడిగా. ఇసక్కి ఆ దూదిలోకి చెయ్యి దింపినాడు, దింపి అట్లే నిలిచిపోయినాడు. బయటికి తీస్తే మోచేతి దాకా నలుపు.

తరువాత ఇద్దరమూ గంపలు గంపలుగా తీసి పోసినాము. అడుగుదూది అంతా నీళ్లు తాగి, కుళ్లి, బురద అయిపోయుండె. మధ్యలో ఎలుకలు గూళ్లు కట్టి వైర్లు కొరికేసుండె. సీటు కింద రేకును ఇసక్కి బొటనవేలితో నొక్కితే అప్పళం మాదిరి విరిగి, కింద షెడ్డు నేల కనబడింది. పోయిన మార్గళి నెలలో ఆ పెద్ద వానకు షెడ్డులోకి జానెడు నీళ్లు వచ్చినాయి. ఒక్క రోజులో తీసిపోయినాయి. నేను కూడా వాకిట్లో నిలబడి, బాగా తీసిపోయె అనుకొన్నాను. నేల మీద తీసిపోయినాయి, దూదిలో ఏడాది నిలిచినాయి.

ఇసక్కి ఒక్క మాట అనలేదు. ఏదైనా అనుంటే బాగుండు.

26 నవంబరు

షెడ్డు నేల పల్లం. వీధి కాలువ పొంగింది. ఎలుకలు. తార్పాలు కూడా పాతది. ఇవన్నీ పోనీ, ఆ బేళ్లు ఏ లాటువో నేను చూసుకోలేదు. నాసి లాటు తగిలించి ఉంటారు.

27 నవంబరు

నాసి లాటు కాదు. బేలు చీటీ షెడ్డులోనే పడుండె. నేను సంతకం పెట్టిన లాటు.

30 నవంబరు

ఇసక్కి రెండు రోజులు బండి కిందనే పడుకొని చూసినాడు. ఈ రోజు కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పినాడు. అతను అరవంలో చెప్పింది నేను తెలుగులో రాసుకొంటా ఉండాను.

దారులు రెండే. ఒకటి, రిపేరు. అడుగంతా కోసి పారేసి, కొత్త రేకు కొట్టి, కాకపోతే వేరే బండి బాడీ తెచ్చి, వైరింగు కొత్తది, సీట్లు కొత్తవి, తలుపుల్లో మూడు కొత్తవి. ఆరు నెలలు పడుతుంది. రెండోది, విడదీసి ఇచ్చేయడం. సేత్తూరులో బాలుసామి అని సేద్యం చేసే ఒక సంసారి దగ్గిర ఇదే ఫియట్టు ఉండాది, వాళ్ల నాయన కాలంది. బాడీ ఇనుప పెట్టె మాదిరి గట్టిగా ఉండాది, ఇంజను పోయింది. మన ఇంజనూ గేరుబాక్సూ అక్కడ పెడితే ఇంకో ఇరవై ఏండ్లు పరుగెత్తుతుంది. అద్దాలు, లైట్లు, చక్రాలు అడిగేవాళ్లు ఉండారు.

మన ఇంజను బాగుండాదా అన్నాను. కొత్తది మాదిరి ఉండాది సార్ అన్నాడు. ఆపరేషనుకు పోయే ముందు రోజు అక్క ఫోను చేసి, ఇసక్కీ, బండి ఎన్ని నెలలు నిలుస్తుందో తెలియదు, ప్లగ్గులు తీసి నూనె పోసి మూసేయి అని చెప్పిందంట. ఇతను వచ్చి అట్లే చేసి పోయినాడంట. నేను అప్పుడు మదురైలో ఆస్పత్రి అడ్వాన్సు చీటీ పట్టుకొని ఉండినాను.

నేను దూది పెట్టనిది ఆ ఒక్క తావులోనే. అదొక్కటే బాగుండాది.

రిపేరే చేయి అన్నాను. అతను సరే సార్ అనలేదు. ఆలోచించి చెప్పండి అన్నాడు.

ముప్పై నాలుగేండ్లు నా ఉద్యోగం ఏమంటే దూది ఎంత బాగా నీళ్లు తాగుతుందో చూడడం. చిన్న కమ్మీ బుట్టలో దూది పెట్టి నీళ్లలో వదలాల, స్టాపు వాచీ నొక్కాల. పది సెకండ్లలోపల మునగాల. మునగకపోతే లాటు వాపసు. నాది రెండు మూడు సెకండ్లలో మునిగే దూది. దాన్ని తెచ్చి నేనే రేకు మీద పెట్టినాను. మా వీధిలో ఏ బిడ్డను అడిగినా చెప్పుండును, వద్దు తాతా అని.

3 డిసెంబరు

నిద్ర పట్టక కాదు, ఊరికే రాసుకొంటా ఉండాను.

ఆ బండి కొన్నది 91లో. ఒక మిల్లు ఓనరు ఇంట్లో వాడిన బండి. నాకు నేర్పించను ఒక డ్రైవరును పెట్టినాము. మూడో రోజే చావడి గోడకు గుద్దినాను. వెనక సీట్లో కూర్చొని చూస్తా ఉండిన పంకజం దిగి, మీరు ఇటు, ఎడమపక్కకు జరుక్కోండి అనె. నేను జరిగినాను. అట్ల జరిగినవాణ్ణి ముప్పై రెండేండ్లు ఇటుపక్కనే కూర్చొన్నాను.

ముందరిది ఒకటే పొడుగు సీటు. జరిపితే మొత్తం జరుగుతుంది. ఆమె పొట్టి. పెడలు అందాల అంటే సీటు పూర్తిగా ముందుకు లాగాల. నాకు కాళ్లు పొడుగు. రెండు మోకాళ్లూ డాష్‌బోర్డుకు ఆనించి, కొంగ మాదిరి కూర్చొనేవాణ్ణి. వెనక కూర్చోండి అని ఎన్నిసార్లు చెప్పిందో. వెనక కూర్చొంటే నువ్వు డ్రైవరు మాదిరి ఉంటావు, వద్దు అనేవాణ్ణి. నవ్వేది.

మా చిన్నాయన కొడుకు హరిహరన్ పెళ్ళికి, ముందురోజు సాయంత్రం పెళ్ళికొడుకు ఊరేగింపుకు మాట్లాడిన బండి రాలేదు. ఆడది తోలే బండిలో పెళ్ళికొడుకా అని చావడి పెద్దలు గొణిగినారు. ఈమె బండి తెచ్చి ముందర నిలిపి, చూస్తా కూర్చొంది. హరిహరన్ ఎక్కి కూర్చొన్నాడు. ఆ తరువాత పదిహేడు పెళ్ళిళ్లు. ముహూర్తం పెట్టకముందే బండికి అడిగిపోయేవాళ్లు. ఎవరో ఒకాయన, డ్రైవరును మేము తెచ్చుకొంటాము, బండి ఒక్కటి ఇవ్వండి అంటే, అయితే పెళ్ళికూతురును కూడా మీరే తెచ్చుకోండి అని పంపించేసింది. సంబంధం చూసి పెట్టింది ఆమే మరి.

సాయంత్రం ఐదున్నరకు తెన్‌కాశి రోడ్డులో మా మిల్లు గేటుకాడ బండి వచ్చి నిలిచేది. లాబులో కూర్చొని వినేవాణ్ణి. ఎన్ని బండ్లు పోతా ఉన్నా ఆ శబ్దం తెలుస్తుంది, మూడో గేరు నించి రెండుకు దింపేటప్పుడు ఒక చిన్న దగ్గు దగ్గుతుంది. అది వినగానే లేచి టిఫిను సంచి తీసుకొనేవాణ్ణి. కంపెనీ వాళ్లు గడియారం చూడకుండా నన్ను చూసి పని ఆపేవాళ్లు.

7 డిసెంబరు

లక్ష్మీప్రియ ఫోను చేసింది. ఇసక్కి అంతా చెప్పినాడు కాబోలు. నాయనా, బండికి దూది ఎందుకు పెట్టినారు అనె. దుమ్ము పడకుండా అన్నాను. పద్నాలుగు సెకండ్లు ఏమీ మాట్లాడలేదు. తరువాత, అమ్మ కాలికి కూడా, అని ఆగింది.

లైను కట్ అయిపోయింది.

8 డిసెంబరు

లైను కట్ కాలేదు. నేనే పెట్టేసినాను. ఆ పిల్ల ఏమి చెప్పబోయిందో నాకు తెలియదు.

14 డిసెంబరు

సేత్తూరు బాలుసామి వచ్చినాడు, ఇసక్కితో. చెప్పకుండా వచ్చినారు. వాళ్లదీ తెలుగే, కాకపోతే మా తెలుగు విని వాళ్లు నవ్వుతారు, వాళ్లది విని మేము నవ్వుతాము. కూతురు మోనిష కూడా వచ్చింది. ఇరవై ఐదు, ఇరవై ఆరేండ్లు ఉంటుంది, మంసాపురం ఇస్కూల్లో టీచరు. రెండేండ్ల కిందట స్కూటీలో పోతా ఉంటే లారీ తగిలి కుడికాలు మోకాలి కింద తీసేసినారంట. చెక్క కాలు పెట్టుకొని మెట్లెక్కి వచ్చింది. నేను ఆ కాలే చూస్తా ఉండినాను. అది తప్పని తెలుసు.

వాళ్ల తాత బండిలోనే నడపను నేర్చుకొన్నదంట. చేతితో బ్రేకూ ఆక్సిలేటరూ నడిపేటట్టు ఒక లివరు పెట్టిస్తే, లైసెన్సు మళ్లీ అట్ల రాయించుకొని, తానే పోయి తానే వస్తాను అంటుంది. కొత్త బండి కొనిస్తానంటే వద్దంటుంది సార్, తాత బండే కావాలంట, అని బాలుసామి చెప్పినాడు.

ఆ పిల్ల షెడ్డులోకి పోయి బండిలోకి తొంగి చూసి, "అంకుల్, సీటు ఇంత ముందుకు ఉండాదే, నడిపింది ఎవరు?" అని అడిగింది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. బండి అమ్మేది లేదు, రిపేరు జరుగుతా ఉండాది, మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు అన్నాను. కాఫీ కూడా ఇవ్వలేదు. ఇంటికొచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వకుండా పంపించింది నా బ్రతుకులో ఇదే మొదలు. పాపం, ఆ పిల్ల మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకొని దిగింది.

15 డిసెంబరు

ఇసక్కి వర్క్‌షాపుకు పోయినాను, వాళ్లను ఎందుకు తెచ్చినావని అడగను. అతను బెంచీ కింద నించి ఒక పాత లుంగీ మూట తీసి నా చేతిలో పెట్టినాడు. విప్పితే ఒక ఇనుప కడ్డీ. మోచేయంత ఉండాది, ఒక కొనకు గుండ్రటి నల్ల పిడి, ఇంకో కొనకు రెండు కొక్కేలు. నాకు అర్థం కాలేదు.

"అక్క చేయించుకొన్నది సార్. తోస్తే బ్రేకు, లాగితే ఆక్సిలేటరు. మీకు చెప్పొద్దన్నారు."

కాలు తీసి ఇంటికి తెచ్చిన తరువాత పంకజం మూడు నెలలు ఉండింది. నేను పొద్దున మిల్లుకు పోయి సాయంత్రం వచ్చేవాణ్ణి. ఆ మూడు నెలల్లో రెండుసార్లు ఆటో పిలిపించుకొని, చంకకర్ర వేసుకొని ఇసక్కి దగ్గిరికి వచ్చిందంట. అరచెయ్యి కొలత ఇచ్చిందంట. పిడి పెద్దదిగా ఉండాదని చెప్పి ఒకసారి అరగదీయించిందంట. లివరు తయారైపోయింది, బండికి బిగించను ఒక పూట చాలు. బండి తాళం మాత్రం దొరకలేదు. ఇల్లంతా వెతికినాను ఇసక్కీ, ఆయన ఎక్కడో పెట్టేసినాడు, నేను అడగను, ఆయనే ఇవ్వాల, అనిందంట.

ఇంకొకటి కూడా చెప్పినాడు. రాయను చెయ్యి రావడం లేదు. రాస్తాను. "ఒకనాడు ఐదున్నరకు మిల్లు గేటుకాడ పోయి నిలుస్తాను. అరవడు. ఎక్కి కూర్చొంటాడు" అనిందంట.

16 డిసెంబరు

లివరు ఇంటికి తెచ్చినాను. తుప్పు పడుతుందే అని దూది చుట్టబోయినాను. దూది చుట్ట చేతిలోకి తీసుకొన్న తరువాత తెలిసింది ఏమి చేస్తా ఉండానో. లివరును లుంగీలోనే పెట్టి, దూదిని వాకిట్లోకి విసిరేసినాను. పక్కింటి కుప్పమ్మాళ్ ఎత్తి తెచ్చి, కొత్త దూది సార్, పారేసుకొన్నారే అని ఇచ్చి పోయింది.

21 డిసెంబరు

రాసేస్తాను. ఎవరూ చదవలేరు.

2023 ఆడి నెల. కుడికాలు చిటికెనవేలి పక్కన బొబ్బ. చెప్పు కరిచింది అనె. షుగరు ఉన్న మనిషి. వెంటనే డాక్టరు దగ్గిరికి పోయుండాల. డాక్టరు ఎందుకు, వాళ్లు కట్టేదీ మా కంపెనీ దూదే కదా అన్నాను నేను. నలభై ఒక్క రోజులు నేనే కట్టు కట్టినాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఉప్పునీళ్లతో కడిగి, దూది పెట్టి, గాజుగుడ్డ చుట్టి, కొన మడిచి లోపలికి దోపి. ఆస్పత్రి నర్సు కూడా అంత బాగా కట్టదు. కట్టి దూరంగా నిలబడి చూసుకొనేవాణ్ణి. పంకజం పక్కింటివాళ్లకు కాలు ఎత్తి చూపించేది, మా ఇంటాయన కట్టింది చూడండి అని.

ఇరవయ్యో రోజు వాసన వస్తా ఉండాది అనె. దూది లాగుతా ఉండాది, అందుకే వాసన అన్నాను. డాక్టరుకు చూపిద్దామా అనె. ఎండిపోతా ఉండాది, ఇప్పుడెందుకు అన్నాను. ఎండలేదు. నాకు తెలుసు. కట్టు విప్పేటప్పుడు నేను కదా చూసేది. కిందిదూది నల్లగా ఉండేది. చూసి, ఉండ చుట్టి, ఆమె చూడకముందే బుట్టలో వేసి, పైన తెల్లటిది పెట్టేవాణ్ణి. పైన తెల్లగా ఉంటే నాకు మనసు కుదుటపడేది.

మదురైలో డాక్టరు కట్టు విప్పి, ఇది ఎవరు కట్టినారు అని అడిగినాడు. నేను బదులు చెప్పలేదు. పంకజం, నేనే కట్టుకొన్నాను డాక్టర్ అనె.

కాలు తీసినారు. ఇంటికి వచ్చిన వారానికి, చేత్తో నడిపేది ఏదో ఉండాదంటనే, ఇసక్కిని అడుగుదామా అని నన్ను అడిగింది. "ఇంక బండి ఎందుకు నీకు?" అన్నాను. భయపడి అన్నాను. భయం అని చెప్పుంటే అర్థం చేసుకొనేది, అట్ల చెప్పలేదు. మరునాడు ఆమె సంచిలో నించి బండి తాళం తీసి జేబులో వేసుకొని, మిల్లుకు పోయి నా లాబు సొరుగులో పెట్టినాను. ఆ తాళం ఇప్పటికీ అక్కడే ఉండాది. పుండు మళ్లీ పైకి ఎక్కి, రక్తంలో విషం కలిసి, కార్తీకంలో పోయింది. పోయేదాకా తాళం గురించి నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

ఇది రిపేరు అయ్యేది కాదు.

22 డిసెంబరు

పంకజానికి తెలుగు చదవను నేర్పించి ఉండాల.

28 డిసెంబరు

ఇసక్కి దగ్గిరికి పోయి, విడదీసేయి అన్నాను. రిపేరు చేస్తే అడుగు కొత్తది, సీటు కొత్తది, తలుపులు కొత్తవి. నేను పాడుచేసిందంతా ఎవరికీ కనబడకుండా పోతుంది. పైన తెల్లగా ఇంకొకసారి చుట్టినట్టే. ఇంజను ఆమె తానే నూనె పోయించి కాపాడుకొని పోయింది, దాన్ని నేను షెడ్డులో పెట్టుకొని ఏమి చేయను, నాకు నడపను కూడా రాదు. ఇంజను ఆ పిల్లకు ఇచ్చేయి అన్నాను. అతను తల ఊపి, చేతులు తుడుచుకొని, టీ చెప్పినాడు.

తరువాత బస్సెక్కి సేత్తూరు పోయినాను. బాలుసామి ఇంట్లో కాఫీ ఇచ్చినారు. ఆ రోజు నేను మీకు కాఫీ ఇవ్వలేదు అన్నాను. అందుకే ఇక్కడ మీరు రెండు గ్లాసులు తాగాల అంకుల్ అనె మోనిష. తాగినాను. సీటు గురించి నువ్వు అడిగినావు కదా, నడిపింది నా పెండ్లాం అని చెప్పినాను. అంతకంటే చెప్పలేకపోయినాను.

22 జనవరి 2025

ఈ రోజు విడదీసినారు. లక్ష్మీప్రియ లీవు పెట్టి వచ్చింది.

ఇంజను ఎత్తేముందు ఇసక్కి, ఒక తడవ కూర్చొంటారా సార్ అన్నాడు. నేను అలవాటుగా ఎడమపక్క తలుపు తీసినాను. తీసి మూసి, చుట్టి పోయి ఆమె పక్క ఎక్కినాను. ముప్పై మూడేండ్లలో ఇదే. ఎక్కడం కాదు, దూరడం. స్టీరింగు రొమ్ముకు ఆనింది, మోకాళ్లు పైకి లేచిపోయినాయి. ఇసక్కి సీటు కొంచం వెనక్కి తోస్తానని వచ్చినాడు. వద్దన్నాను. తోసినా పోదు, పట్టాలు తుప్పు పట్టిపోయినాయి అన్నాడు. ఆమె పెట్టినంత దూరంలోనే ఉండాది.

లక్ష్మీప్రియ వచ్చి నా తావులో, ఎడమపక్క కూర్చొంది. కాళ్ల కింద రేకు లేదు, నేల మీదనే కాళ్లు పెట్టుకొంది. చానాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈసారి నేను సెకండ్లు లెక్కపెట్టలేదు.

"అమ్మ కాలికి కూడా నేనే," అన్నాను.

"నాయనా, ఆవణి నెలలో నేను వచ్చినప్పుడు కట్టు విప్పుతా ఉంటే వాకిలి సందులో నించి చూసినాను," అనె. "నేనూ ఏమీ అనలేదు. మీరు అంత పొందికగా కడతా ఉంటే నాకు నోరు రాలేదు."

ఇద్దరమూ ఏడిస్తిమి. ఇసక్కి బయట స్పానర్లు కడుగుతా ఉండినాడు. కడిగినవే మళ్లీ కడిగినాడు.

సాయంత్రానికి ఇంజను, గేరుబాక్సు టెంపోలో సేత్తూరు పోయినాయి. ముందరి అద్దం ఒకాయన తీసుకొన్నాడు, దీపాలు ఇంకొకాయన. మిగిలింది రేకు. పొడుగు సీటు మాత్రం ఎవరికీ వద్దంట. దాన్ని కూడా రేకుతోనే పంపించేసినాను. లక్ష్మీప్రియ ఉంచుకొందామా అనె. ఉంచితే చుట్టి పెడతాను, వద్దు అన్నాను.

23 జనవరి

షెడ్డు కడిగినాను.

6 ఫిబ్రవరి

లివరు ఇచ్చేసి వచ్చినాను. అదొక్కటే ఇన్నాళ్లు పట్టుకొని ఉండినాను. ఇసక్కి కొత్తది చేస్తానని రెండుసార్లు చెప్పినాడు, కొలత వేరే కదా అని. మోనిష పట్టుకొని చూసింది. చిన్న చెయ్యే. పిడి అరగదీసిన పక్క బొటనవేలు పోయి సరిగా కూర్చొంది. ఇది ఎవరికోసరం చేసింది అంకుల్ అనె. ఈసారి చెప్పినాను. కాలు సంగతి, దూది సంగతి, తాళం సంగతి, అన్నీ వాళ్ల తిన్నె మీద కూర్చొని చెప్పినాను. బాలుసామి లేచి లోపలికి పోయినాడు. ఆ పిల్ల పోలేదు. నాకు కాలు తీసినప్పుడు మా నాయన కూడా స్కూటీ తాళం దాచినాడు అంకుల్ అనె. ఎక్కడ అన్నాను. బియ్యం డబ్బాలో, రెండో రోజే దొరికింది, మీరు చానా బాగా దాచినారు అనె. నవ్వాలనో ఏమో చెప్పింది. నేను నవ్వలేదు. ఆ పిల్ల తప్పు కాదు.

19 ఫిబ్రవరి

లాబు నించి మేనేజరు ఫోను చేసినాడు. మీ సొరుగు ఇంకా పూటు వేసి మూసే ఉండాది, కొత్త మనిషి వస్తాడు, ఒక తడవ వచ్చి తీసుకొని పోండి అని. పంకజం పోయిన రోజు లాబు నించి లేచి వచ్చినవాణ్ణి, మళ్లీ ఆ గేటు లోపలికి పోలేదు. ఈ రోజు పోయినాను. సొరుగులో స్టాపు వాచీ, రెండు పెన్నులు, పాత కళ్లద్దం, బండి తాళం. తాళానికి ఆమె వేసిన చిన్న ఇత్తడి గంట. జేబులో వేసుకొన్నాను. ఇంక ఆ తాళానికి తెరిచేది ఏమీ లేదు.

అందరితో మాట్లాడి బయటికి వచ్చేసరికి షిఫ్టు విడిచే యాళ. గేటుకాడ సిమెంటు తిన్నె మీద పాత టిఫిను సంచి పెట్టుకొని బస్సు కోసరం కూర్చొన్నాను.

అప్పుడు వినబడింది. మూడో గేరు నించి రెండుకు దింపే ఆ దగ్గు. చూడలేదు నేను. చూడకముందే లేచినాను. లేచి, టిఫిను సంచి తీసుకొని, ఎప్పుడూ నిలుచుకొనే తావులో, ఎడమ తలుపు వచ్చి నిలిచే తావులో పోయి నిలుచుకొన్నాను. వాచ్‌మను కూడా అలవాటుగా పక్కకు జరిగినాడు.

ఆకుపచ్చ రంగు బండి. గేటుకాడ మెట్టు ఉండాదని మెల్లగా దాటింది. మోనిష రోడ్డే చూస్తా ఉండె, కుడిచేతిలో లివరు. నన్ను చూడలేదు. మంసాపురం నించి ఇంటికి పోతా ఉండాది. శబ్దం పక్కసందు దాకా వినబడి, తరువాత లారీల్లో కలిసిపోయింది.

నాలుగు బస్సులు పోయినాయి. నేను ఎక్కలేదు. వాచ్‌మను కుర్చీ తెచ్చి వేసినాడు, కూర్చోలేదు.

చెప్పినట్టే ఐదున్నరకు గేటుకాడికి వచ్చినావు పంకజం. తాళం నా జేబులోనే ఉండె.